కువైట్ క్యాసెట్లు కొత్త మెషిన్ మీద: 14లో 11 నడిచాయి

దశ 0: చేతిలో ఉన్న సరుకు

మా ఊరు రాజోలు దగ్గర. మా మేనత్త కువైట్‌లో పనిచేసేది. 1993 నుంచి 1995 దాకా సెలవుకి వచ్చినప్పుడల్లా మాకు తెచ్చిన వీడియో గేమ్ క్యాసెట్లలో 14 మిగిలాయి. అప్పటి మెషిన్ కూడా ఉంది కానీ పనిచెయ్యదు. అన్నీ ఒక రేకు పెట్టెలో అటక మీద ఉండేవి. 1996 నవంబరు 6 తుఫానుకి మా పెంకుటింటి కప్పు ఒక వార మొత్తం లేచిపోయి, ఆ పెట్టెలో నీళ్లు నిలిచాయి. తర్వాత అమ్మ వాటిని ఎండలో ఆరబెట్టి మళ్లీ అదే పెట్టెలో సర్దింది. ఇన్నేళ్లలో ఎవరూ ముట్టుకోలేదు. క్యాసెట్ల పరిస్థితికి అసలు కారణం ఇదే కాబట్టి ముందే రాస్తున్నాను. గోదావరి లంకల్లో ఎవరింట్లో పాత క్యాసెట్లు ఉన్నా ఇలాంటి తేమే పట్టి ఉంటుంది.

ఇవి 60 పిన్నుల క్యాసెట్లు. 1983లో నింటెండో కంపెనీ జపాన్‌లో తెచ్చిన ఫామికామ్ అనే గేమ్ మెషిన్ కొలత అది. అమెరికాలో వాళ్లే అమ్మిన ఎన్ఈఎస్‌కి 72 పిన్నులు. మన ఇళ్లల్లో ఆడినవి ఎక్కువగా ఫామికామ్‌ని చూసి చేసిన క్లోన్లు, అందుకే క్యాసెట్లు 60 పిన్నులవి. కొత్త మెషిన్ కొనేటప్పుడు స్లాట్ ఏ కొలతదో మొదట చూసుకోండి.

రెండు మెషిన్లు కొన్నాను:

1. సెకండ్ హ్యాండ్ ఎమ్యులేటర్ పెట్టె, రూ. 3,200. క్యాసెట్‌లో ఉన్నదాన్ని ముందు మొత్తం చదివేసుకుని, తర్వాత తన సాఫ్ట్‌వేర్‌లో ఆడిస్తుంది.
2. ఎఫ్‌పీజీఏ చిప్పు ఉన్న మెషిన్, రూ. 17,500. బావ విదేశం నుంచి తెచ్చాడు. పాత చిప్పులు లోపల ఎలా పనిచేసేవో ఈ చిప్పుని ఆ తీరుగానే అమరుస్తారు. క్యాసెట్‌ని ఆట నడుస్తున్నంతసేపూ నేరుగా చదువుతూ ఉంటుంది. టీవీకి హెచ్‌డీఎంఐలో వెళ్తుంది.

ఇప్పటికి ఖర్చు: రూ. 20,700.

దశ 1: మొదటి పరీక్ష (2024 జూన్ 9)

క్యాసెట్లకి 1 నుంచి 14 దాకా కాగితపు టేపు అంటించి నంబర్లు వేశాను. ఏమీ తుడవకుండా ఒక్కోదాన్ని ఎఫ్‌పీజీఏ మెషిన్‌లో మూడేసి సార్లు పెట్టి తీశాను.

- మూడుసార్లూ శుభ్రంగా నడిచినవి: 2, 5, 10. మొత్తం 3.
- నడిచినా ఏదో ఒక తేడా ఉన్నవి: 4, 6, 7, 8, 12, 14. మొత్తం 6.
- అసలు రానివి: 1, 3, 9, 11, 13. మొత్తం 5.

ఎమ్యులేటర్ పెట్టెలో 14కి 2 మాత్రమే గుర్తుపట్టింది. అప్పటికి అది మురికి వల్లేమో అనుకుని పక్కన పెట్టాను. దాని సంగతి దశ 6లో ఉంది.

ఇక్కడే ఒక తప్పు చేశాను. తుడవని క్యాసెట్లు 14ని మూడుసార్లు కొత్త స్లాట్‌లో దూర్చడం వల్ల ఆ చిలుమంతా స్లాట్ లోపలికి వెళ్లింది. నాలుగు రోజుల తర్వాత మొదట్లో బాగా నడిచిన 5వ క్యాసెట్ కూడా మొరాయించింది. స్లాట్ శుభ్రం చేశాక మళ్లీ వచ్చింది. మీరు చేసేటప్పుడు ముందు తుడవండి, తర్వాతే పరీక్ష పెట్టండి.

నడిచేవి: 3.

దశ 2: తుడవడం (జూన్ 16 నుంచి జూలై 14)

క్యాసెట్ డొప్పలకి స్క్రూలు లేవు, లోపల ప్లాస్టిక్ కొక్కేలు ఉన్నాయి. సెల్‌ఫోన్ విప్పే ప్లాస్టిక్ ముక్కతో అంచు చుట్టూ మెల్లగా తిప్పితే విడిపోతాయి. స్క్రూడ్రైవర్‌తో లేపితే డొప్ప అంచు విరుగుతుంది. 8కి విరిగింది.

లోపల చిన్న బోర్డు, దాని మీద బఠానీ గింజంత నల్లటి జిగురు బొట్టు. చిప్పు ఆ బొట్టు కింద ఉంటుంది, దాన్ని విప్పడం కుదరదు. పిన్నుల మీద పచ్చటి చిలుము. 3, 13 క్యాసెట్లకైతే పిన్నుల మధ్య కూడా పొడిగా పేరుకుని ఉంది.

జూన్ 23, 11వ క్యాసెట్ పాడైన రోజు. చిలుము గట్టిగా ఉందని వెయ్యి నంబరు గరుకు కాగితంతో నాలుగు సార్లు రుద్దాను. రాగి మెరిసింది, వెంటనే ఆట వచ్చింది. చాలా సంతోషపడ్డాను. జూలై 7న మళ్లీ చూస్తే పిన్నులన్నీ గోధుమరంగుకి తిరిగి, అంచుల్లో కొత్త పచ్చదనం మొదలైంది. ఆ రెండు వారాలూ వసారాలో తేమ ఎనభై శాతం కన్నా కిందికి రాలేదు. పిన్నుల పైన ఉన్న బంగారు పూత చాలా పలచన, ఒకసారి పోయిందంటే కింద రాగికి గాలి తగులుతుంది. మన గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉన్నాయి.

ఆ బోర్డు పట్టుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లాను. అక్కడ పాత టీవీలు, రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు, అందరూ మాస్టారు అంటారు. భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు.

"గీకేశారేంటండీ. పూత పోయాక ఇంక ఎంత తుడిచినా ఇంతేనండి. మిగతావైనా గీక్కండి."

"పిన్నుల మీద సీసం పూస్తే ఆగుతుందా మాస్టారూ?"

"ఆగుద్దండి. కానీ సీసం మెత్తన కదండీ, మీ కొత్త మెషిన్ స్లాట్‌కి అంటుకుని దాన్నీ పాడుచేస్తది. వద్దండి."

ఆయన చెప్పిన పద్ధతికి నేను కొన్ని మార్పులు చేసుకున్నాను. మిగతా 13కి ఇదే చేశాను:

1. బోర్డు డొప్పలోంచి బయటికి తియ్యండి. డొప్పలోనే ఉంచి తుడిస్తే మురికి లోపలికే పోతుంది.
2. చిలుము ఉన్నచోట మాత్రమే తెల్ల వెనిగర్‌లో ముంచిన గుడ్డ 30 సెకన్లు అద్దండి. రుద్దొద్దు.
3. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగండి. బోరు నీళ్లు వద్దు, మా ఊళ్లో ఉప్పుగా ఉంటాయి.
4. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (99 శాతం) తడిపిన నూలు గుడ్డని ఐస్‌క్రీమ్ పుల్లకి చుట్టి, పిన్నుల పొడవు వెంట ఒకే దిశలో తుడవండి. అడ్డంగా తుడిస్తే పూత అంచులు లేస్తాయి.
5. గుడ్డకి నలుపు అంటనంత వరకు నాలుగో మెట్టు మళ్లీ చెయ్యండి. నాకు ఒక్కోదానికి 6 నుంచి 11 సార్లు పట్టింది.
6. ఫ్యాన్ కింద రెండు గంటలు ఆరనివ్వండి.

చెవిలో పెట్టే దూది పుల్లలు వాడితే పోగులు పిన్నులకి పట్టుకుంటాయి. రబ్బరుతో కూడా రుద్దకండి, కొన్ని రబ్బర్లలో గరుకు పొడి ఉంటుంది. తుప్పు పట్టకుండా కొబ్బరి నూనె రాయమని పక్కింటివాళ్లు చెప్పారు. మా దగ్గర గడియ దగ్గర్నుంచి కుట్టు మిషను దాకా అన్నిటికీ అదే మందు. ఇక్కడ మాత్రం వద్దు, నెలలోపే జిగురై దుమ్ము పట్టేస్తుంది. నోటితో ఊదడం కూడా అంతే. చిన్నప్పుడు ఊదితే ఆట వచ్చేదంటే, క్యాసెట్ తీసి మళ్లీ పెట్టడంలో పిన్నులు ఒరుసుకుని తగిలేవి కాబట్టి వచ్చేది. ఊదిన తేమ పిన్నుల మీదే ఉండిపోయేది.

తుడిచాక 3, 6, 8, 13 శుభ్రంగా నడిచాయి. 9 కూడా లేచింది కానీ అందులో చిన్న చిక్కు ఉంది, కింద రాశాను.

ఆల్కహాల్ అర లీటరు 420, డిస్టిల్డ్ వాటర్ 30, గుడ్డ, ప్లాస్టిక్ ముక్కలు 110, గరుకు కాగితం 20. ఈ దశకి రూ. 580.

ఇప్పటికి ఖర్చు: రూ. 21,280. నడిచేవి: 7.

దశ 3: బొమ్మని చూసి ఏ పిన్నో పట్టుకోవడం (జూలై 21, 28)

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన భాగం ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు పిన్నుల నంబర్లు. బోర్డు ఒక వైపు 1 నుంచి 30, రెండో వైపు 31 నుంచి 60. 1కి సరిగ్గా వెనక 31, 30కి వెనక 60. ఏ మూల 1వ పిన్నో తెలియాలంటే మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టండి (రెండు చోట్ల మధ్య దారి కలిసి ఉంటే మోగుతుంది). 1, 16 రెండూ గ్రౌండ్. ఏ మూల పిన్ను, తనతో కలిపి లెక్కపెడితే వచ్చే 16వ పిన్నుతో బీప్ ఇస్తుందో అదే 1. సరిచూసుకోవడానికి 30, 31 కూడా తమలో తాము బీప్ ఇవ్వాలి, అవి రెండూ 5 వోల్టులవి.

9వ క్యాసెట్, మారియో 3. ఆట బాగానే ఉంది. కానీ స్కోరు చూపించే కింద పట్టీ నిమిషానికి పది పన్నెండు సార్లు ఎగిరిపడుతోంది. ఈ ఆటలో పైన బొమ్మ కదులుతున్నా కింద పట్టీ కదలకుండా ఉండాలి. అందుకోసం తెర మీద ఫలానా గీత దాకా రాగానే క్యాసెట్‌లోని చిప్పు ప్రాసెసర్‌కి ఒక కబురు పంపుతుంది. ఆ కబురు వెళ్లేది 15వ పిన్ను మీద. మిగతా పిన్నులన్నీ బాగున్నాయి కాబట్టి ఆట ఆగదు, ఈ ఒక్కటి అప్పుడప్పుడు తగలకపోతే పట్టీ మాత్రం ఎగురుతుంది. భూతద్దంలో చూస్తే 15 మీద సగం దాకా లక్కలాంటి పొర ఉంది. ఆల్కహాల్‌తో ఇంకో తొమ్మిది సార్లు తుడిస్తే పోయింది. గంటన్నర ఆడాను, పట్టీ కదల్లేదు.

4వ క్యాసెట్, ట్యాంకుల ఆట. బొమ్మ మీద సన్నటి నిలువు గీతలు. ఇటుక గోడల మీదా ట్యాంకుల మీదా ఒకే దూరంలో పడుతున్నాయి. తెరని ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. ఈ మెషిన్లలో బొమ్మంతా 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గళ్లతో కూర్చి ఉంటుంది. తెర వెడల్పు 256 చుక్కలు, అంటే అడ్డంగా 32 గళ్లు. గీత ప్రతి గడిలోనూ ఎడమ చివరి చుక్క మీదే పడుతోంది.

గడిలో ఒక అడ్డ వరసలో ఉన్న 8 చుక్కలు, బొమ్మ డేటా వచ్చే 8 తీగల మీద ఒక్కోటి ఒక్కో తీగలో వస్తాయి. ఎడమ చివరి చుక్క డీ7 తీగ, అంటే 57వ పిన్ను. కుడి చివరిదైతే డీ0, 26వ పిన్ను. గీత ఎక్కడుందో చూస్తే ఏ తీగ తెగిందో బోర్డు విప్పకముందే చెప్పొచ్చు.

57వ పిన్ను చూడ్డానికి మెరుస్తూ ఉంది. పిన్ను నుంచి బొట్టు దాకా బీప్ పెట్టాను, రాలేదు. పిన్ను దాటాక రెండు మిల్లీమీటర్ల దగ్గర, ఆకుపచ్చ పూత కింద చిలుము రాగి దారిని తినేసింది. పైకి చీమ తలంత నల్ల చుక్క కనపడుతోంది, అంతే. బ్లేడు మొనతో అటూ ఇటూ పూత గీరి, పాత టెలిఫోన్ వైరులోంచి ఒంటి పోగు తీసి అతికాను. సోల్డరింగ్ ఐరన్ మొన సన్నగా ఉండాలి, చెయ్యి ఆనడానికి పుస్తకం పెట్టుకోండి. మూడో ప్రయత్నంలో నిలిచింది. బీప్ వచ్చింది, గీతలు పోయాయి.

మీకు అక్కరకొస్తుందని గుర్తులన్నీ ఒకచోట:

- తెర మొత్తం ఒకే రంగు, ఏమీ లేదు: ప్రాసెసర్ వైపు తీగలు. 2 నుంచి 14, 33 నుంచి 44 చూడండి.
- ఆట నడుస్తోంది, బొమ్మల్లో నిలువు గీతలు: 26 నుంచి 29, 57 నుంచి 60.
- ఆట నడుస్తోంది, బొమ్మలు ఒకదాని బదులు ఒకటి వస్తున్నాయి: 19 నుంచి 25, 50 నుంచి 56.
- కింద పట్టీ మాత్రమే ఎగురుతోంది: 15.

సోల్డరింగ్‌కి వాడే ఫ్లక్స్ రూ. 60. ఇప్పటికి ఖర్చు: రూ. 21,340. నడిచేవి: 9.

దశ 4: వోల్టేజీ (ఆగస్టు 4)

7వ క్యాసెట్‌లో చాలా ఆటలున్నాయి. మొదలై ఏడెనిమిది నిమిషాలకి తెర గడ్డకట్టేది. వేడి వల్ల అనుకుని ఫ్యాన్ పెట్టాను, బోర్డు మళ్లీ తుడిచాను. రెండు ఆదివారాలు పోయాయి.

డొప్ప విప్పి, ఆట నడుస్తుండగా 30వ పిన్ను, 1వ పిన్ను మధ్య కొలిచాను. క్యాసెట్ లేకుండా 4.62 వోల్టులు వచ్చే చోట, 7 పెడితే 4.41. ఈ తరం చిప్పులు 5 వోల్టుల మీద పది శాతం అటూ ఇటూ తట్టుకుంటాయి, అంటే 4.5 కన్నా తగ్గకూడదు. తప్పు క్యాసెట్‌ది కాదు, నేను వాడిన రెండు మీటర్ల సన్న యూఎస్‌బీ వైరుది. అర మీటరు మందపాటి వైరు, మంచి అడాప్టర్ కొన్నాను. ఇప్పుడు 7 నడుస్తుండగా 4.93. మూడు గంటలు వదిలేశాను, ఆగలేదు.

సాయంత్రాలు మా లైన్‌లో కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే కొలతని రాత్రి ఏడింటికి ఇంకోసారి తీసుకున్నాను, 4.91 వచ్చింది. కొలవడం మొదటి రోజే చేసి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

వైరు, అడాప్టర్ రూ. 450. ఇప్పటికి ఖర్చు: రూ. 21,790. నడిచేవి: 10.

దశ 5: స్లాట్ (ఆగస్టు 11)

వెర్నియర్‌తో బోర్డుల మందం కొలిచాను. ఎక్కువ వాటికి 1.2 మిల్లీమీటర్లు, 3వ దానికి 1.6. మందంగా ఉన్నదాన్ని పెట్టి తీశాక పలచటివి వదులుగా కూర్చుంటున్నాయి, స్లాట్ లోపలి రేకులు వెడల్పవుతున్నాయి. 3ని ఇప్పుడు ఎప్పుడో గాని పెట్టను, పెట్టినా ఆ రోజు చివర్లోనే. పెట్టేటప్పుడు నిలువుగా దించాలి, పక్కకి ఊపకూడదు.

దశ 6: రీసెట్ నొక్కితే ఆట మారడం లేదు (ఆగస్టు 15, 18)

12వ క్యాసెట్‌లో నాలుగు ఆటలు. దానికి మెనూ లేదు, రీసెట్ నొక్కిన ప్రతిసారీ తర్వాతి ఆట వచ్చేది. కొత్త మెషిన్‌లో ఎన్నిసార్లు నొక్కినా మొదటి ఆటే. ఆపి మళ్లీ వేసినా మొదటి ఆటే.

60 పిన్నుల్లో రీసెట్ పిన్ను అనేదే లేదు. మరి రీసెట్ నొక్కిన సంగతి క్యాసెట్‌కి ఎలా తెలిసేది? 32వ పిన్ను మీద ఎం2 అనే తాళం (క్లాక్ సిగ్నల్) ఉంటుంది, సెకనుకి దాదాపు 17.9 లక్షల సార్లు కొట్టుకుంటుంది. పాత ప్రాసెసర్‌లో రీసెట్ నొక్కి ఉంచినంతసేపూ ఈ తాళం ఆగిపోయేది. క్యాసెట్‌లో ఉన్న చిన్న కెపాసిటర్, రెసిస్టర్ జత ఆ నిశ్శబ్దాన్ని పసిగట్టి లెక్క ఒకటి పెంచేది. నా మెషిన్‌లో రీసెట్ నొక్కినా ఎం2 కొట్టుకుంటూనే ఉంది. అందుకే క్యాసెట్‌కి ఏమీ తెలియడం లేదు.

పరిష్కారం:

1. బోర్డు మీద 32వ పిన్ను దారిని బ్లేడుతో తెంపాను.
2. తెగిన రెండు కొసల మధ్య, మామూలుగా కలిసి ఉండి నొక్కితే విడిపోయే రకం చిన్న స్విచ్ పెట్టాను. కొనేటప్పుడు ఈ రకమే అడగండి. నొక్కితే కలిసే రకం తెస్తే ఆట అసలు రాదు.
3. డొప్ప పై అంచులో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి స్విచ్ బిగించాను.
4. ఆట మార్చాలంటే: మెషిన్ రీసెట్ నొక్కి పట్టుకోవాలి, క్యాసెట్ స్విచ్ ఒక సెకను నొక్కి వదలాలి, ఆ తర్వాత రీసెట్ వదలాలి.

రీసెట్ పట్టుకోకుండా స్విచ్ ఒక్కటే నొక్కితే ఆట మధ్యలో చెదిరిపోతుంది, క్రమం తప్పకండి. నాలుగు ఆటలూ వరసగా వచ్చాయి.

ఎమ్యులేటర్ పెట్టె సంగతి కూడా దీని తర్వాత అర్థమైంది. శుభ్రం చేసిన క్యాసెట్లతో మళ్లీ పరీక్షిస్తే 2 బదులు 5 గుర్తుపట్టింది, ఆ ఐదూ ఒక్క ఆట ఉన్నవే. చాలా ఆటలున్న క్యాసెట్లలో ఏ ఆట ఎక్కడుందో మార్చి చూపించే చిప్పు ఒక్కో తయారీదారుది ఒక్కో రకం. ముందే మొత్తం చదివేసుకునే పెట్టెకి ఆ చిప్పుతో ఎలా మాట్లాడాలో తెలిసి ఉండాలి, తెలియకపోతే అక్కడితో సరి. నేరుగా క్యాసెట్ మీదే నడిపే మెషిన్‌కి ఆ బాధ లేదు, చిప్పు పని చిప్పే చేసుకుంటుంది. మీ దగ్గరున్నవి మనవైపు దొరికిన క్యాసెట్లైతే మొదటి రకం కొనకండి. నేను దాన్ని రూ. 2,500కి అమ్మేశాను.

స్విచ్‌లు రెండు రూ. 30. అమ్మకం తీసేస్తే ఇప్పటికి ఖర్చు: రూ. 19,320. నడిచేవి: 11.

దశ 7: వేగం (ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8)

భీమవరం నుంచి తమ్ముడు వచ్చాడు. మారియో మొదటి లెవెల్ వాడు చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటేవాడు. ఇప్పుడు మొదటి గోతిలోనే మూడుసార్లు పడ్డాడు.

"అన్నయ్యా, ఇది మన మారియో కాదు. పరిగెడుతోంది."

నాకూ అదే అనిపిస్తోంది కానీ వయసు వల్ల అనుకున్నాను. ముందు టీవీని అనుమానించాను. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల వీడియో తీసి, వేలు నొక్కిన ఫ్రేము నుంచి మారియో ఎగిరిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. 29 ఫ్రేములు, అంటే 121 మిల్లీసెకన్లు. టీవీలో గేమ్ మోడ్ పెడితే 13 ఫ్రేములు, 54 మిల్లీసెకన్లు. ఇది చాలా మేలు, అందరూ చెయ్యాల్సిందే. అయినా తమ్ముడు ఇంకా పడుతూనే ఉన్నాడు.

అప్పుడు వేగం కొలిచాను. మారియోలో టైము అంకె ప్రతి 24 ఫ్రేములకి ఒకటి తగ్గుతుంది. మొదట్లోనే కదలకుండా నిలబెట్టి 400 నుంచి సున్నా దాకా స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. 160 సెకన్లు. జపాన్, అమెరికా టీవీల లెక్కలో సెకనుకి 60 ఫ్రేములు, సరిపోయింది. కానీ అప్పట్లో మన టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకి 50. కువైట్‌లోనూ పాలే. అత్త తెచ్చిన మెషిన్ 50తో నడిచి ఉంటే ఇదే టైముకి 192 సెకన్లు పట్టాలి.

పాడైన పాత మెషిన్ విప్పాను. రెండు పెద్ద చిప్పుల మీద యూఏ6527పీ, యూఏ6538 అని ఉంది. తైవాన్‌లో చేసిన క్లోన్ చిప్పులు, 50 ఫ్రేముల టీవీల కోసం చేసినవి. రష్యాలో డెండీ పేరుతో అమ్మిన మెషిన్లలోనూ ఇలాంటివే ఉండేవి. నా కొత్త మెషిన్ సెట్టింగుల్లో మూడు ఉన్నాయి: 60, పాల్, డెండీ. పాల్, డెండీ రెండూ 50 ఫ్రేములే, టైమర్‌తో వాటి మధ్య తేడా పట్టుకోలేం. తేడా శ్రుతిలో ఉంది. నింటెండో యూరప్ కోసం చేసిన పాల్ మెషిన్‌లో ప్రాసెసర్ వేగం కూడా తగ్గించారు, అందుకని పాట నెమ్మదించడమే కాకుండా శ్రుతి కూడా ఏడు శాతం దిగుతుంది. డెండీ రకంలో శ్రుతి ఒక్క శాతమే దిగుతుంది, పాట మాత్రం నెమ్మదిగా సాగుతుంది.

చిప్పు పేర్లు చూశాక డెండీయే అని తేలిపోయింది, అయినా చెవితో రుజువు చేసుకోవాలనిపించింది. దానికి ఒక వస్తువు దొరికింది. అప్పట్లో కువైట్‌లో ఉన్నవాళ్లకి ఉత్తరం బదులు మాటలు రికార్డు చేసి టేప్‌రికార్డర్ క్యాసెట్ పంపేవాళ్లం. ఒకటి అత్త తిరిగి తెచ్చి ఇంట్లోనే ఉంచింది. అందులో నాయనమ్మ కొబ్బరికాయల దింపు గురించి, వరికోతల గురించి అత్తకి చెబుతూ ఉంటుంది. వెనక గదిలో తమ్ముడు ఆడుతున్న మారియో పాట సన్నగా, కానీ తెలిసేలా వినపడుతుంది. మధ్యలో నాయనమ్మ "ఒరే, అది కాసేపు ఆపండ్రా, అత్తతో మాట్లాడుతున్నా" అంటుంది. ఆపలేదు మేము. అందుకే ఈ రోజు కొలవడానికి ఆ పాట మిగిలింది.

పాత టేపు వేగం సరిగ్గా ఉంటుందని నమ్మలేం. కానీ టేపు నెమ్మదిస్తే పాట సాగినంత లెక్కలోనే శ్రుతి దిగుతుంది. పాట ఒక చుట్టుకి పట్టిన సెకన్లని, అందులో ఒక స్వరం హెర్ట్జ్‌తో గుణిస్తే టేపు తప్పు కొట్టుకుపోతుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్‌తో నాలుగూ కొలిచాను. 60 సెట్టింగ్‌ని 100 అనుకుంటే:

- 60: 100
- పాల్: 112
- డెండీ: 119
- నాయనమ్మ టేపు: 118

డెండీ పెట్టి జాయ్‌స్టిక్ తమ్ముడికిచ్చాను. మొదటి లెవెల్ ఒక్కసారీ పడకుండా దాటాడు. "ఇదీ అన్నయ్యా, ఇదీ మనది" అన్నాడు.

ఒక చిన్న తేడా ఇంకా ఉంది. ఆ కాలపు చాలా క్లోన్ చిప్పుల్లో పాట పుట్టించే చతురస్ర తరంగాల వెడల్పుల్లో రెండు తారుమారై ఉండేవి, 25 శాతం రావాల్సిన చోట 50, 50 రావాల్సిన చోట 25. అందుకే మా చెవుల్లో ఉన్న పాట గొంతు కొంచెం వేరు. నా మెషిన్‌లో దాన్ని మార్చే వీలు లేదు, అలాగే వదిలేశాను. మా అమ్మాయికి 60 నచ్చింది, "ఫాస్ట్‌ది పెట్టు నాన్నా" అంటుంది. తను ఆడేటప్పుడు మార్చేస్తాను. మీరు పెట్టుకునేటప్పుడు చిన్నప్పుడు ఏ మెషిన్ మీద ఆడారో గుర్తుచేసుకుని పెట్టుకోండి.

దశ 8: దాచడం, మిగిలినవి (సెప్టెంబరు 15)

మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, అడుగున అర కిలో సిలికా జెల్ గుడ్డ సంచిలో, పైన క్యాసెట్లు. చిన్న తేమ మీటర్ లోపల పెట్టాను. బయట 84 శాతం ఉన్న రోజు డబ్బాలో 38. జెల్ నీలం నుంచి గులాబీ రంగుకి తిరిగితే పెనం మీద సన్నటి సెగన వేడి చేస్తే మళ్లీ నీలమవుతుంది. మొదటిసారి 19 రోజులకి తిరిగింది. తిండి వండే పెనం వాడకండి. బియ్యంలో పెడతారు కొందరు, తవుడు పిన్నులకి పడుతుంది.

జెల్ 240, మీటర్ 260. మొత్తం ఖర్చు: రూ. 19,820. నడిచేవి: 14లో 11.

మిగిలిన మూడు:

14, బాతుల ఆట: ఆట నడుస్తుంది, తుపాకీ పనిచెయ్యదు. ఆ తుపాకీ పాత గాజు తెర టీవీలో బొమ్మ గీత గీతగా వెలిగే తీరుని పట్టుకునేలా చేసింది, ఎల్‌ఈడీ టీవీకి పనికిరాదు. మెషిన్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది కాబట్టి పాత టీవీ తెచ్చినా లాభం లేదు.

1: పిన్నులు బంగారు రంగులో మెరుస్తున్నాయి, బొట్టు దాకా ఉన్న దారులన్నీ బాగున్నాయి, 4.94 వోల్టులు అందుతున్నాయి. ఏమీ రాదు. బొట్టు కింద చిప్పే పోయింది.

11: నేను గీకింది. చిప్పు బాగుంది, పిన్నులు పోయాయి.

1, 11 రెండిటినీ పాలకొల్లు తీసుకెళ్లి మాస్టారి ముందు పెట్టాను. ఒకదాని పిన్నుల అంచు కోసి, రెండోదాని బోర్డుకి పోగు పోగుగా అతికితే ఎలా ఉంటుందని అడిగాను. రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి, 11 మీద ఏ దారులు వాడారో లెక్కపెట్టారు. 47 వచ్చాయి.

"చెయ్యొచ్చండి. ఓపిక కావాలి. దసరా వెళ్లాక రండి, ఇద్దరం కూర్చుందాం."

1, 11 ఒకే కవరులో చుట్టి డబ్బాలో పైన పెట్టాను.